లెక్కలోకి రాని నెల

కార్డు సూర్యనారాయణమూర్తి పేర వచ్చింది. సూర్యనారాయణమూర్తి పోయి మూడో నెల నడుస్తోంది.

తపాలా ఆశీర్వాదం ఆ కార్డుని అరుగు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకు నిలబడ్డాడు. పేరు చదివి ఇవ్వడం అతని ఉద్యోగం. ఈ పేరు చదవడానికి మాత్రం అతనికి నోరు రాలేదు.

"ఎవరికోయ్?" అన్నారు వీరభద్రం సిద్ధాంతిగారు, తాటాకు పంచాంగం మీంచి తల ఎత్తకుండానే.

"అబ్బాయిగారికండి."

సిద్ధాంతిగారి చేతిలో గంటం ఆగిపోయింది. కోనసీమలో ఆ చుట్టుపక్కల పదహారు ఊళ్ళలో పెళ్ళికి ముహూర్తం కావాలన్నా, నూతికి రాయి వెయ్యాలన్నా ఆయన చెప్పిన రోజే రోజు. అలాంటి మనిషి కార్డు తీసుకుని ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. మూడోసారి చదువుతుండగా లోపల్నించి ఆయన భార్య నాగేశ్వరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పైకి చదవండి."

"నీకెందుకే?"

"నా కొడుకు పేరు మీద వచ్చిన ఉత్తరం. నాకు కాకపోతే ఎవరికి?"

ఆయన చదివారు. గొంతు మామూలుగానే ఉంది.

"రాజమహేంద్రవరము. మా నవలల పోటీకి పేరు నమోదు చేసికొనిన మహాశయులకు మనవి. ప్రకటనలో జ్యేష్ఠ శుద్ధ పూర్ణిమ అని మాత్రమే వేసినందున పలువురు సందేహించుచున్నారు. మొదట వచ్చు అధిక జ్యేష్ఠమే గడువు. ఆ పూర్ణిమ దాటి చేరిన ప్రతులు స్వీకరింపబడవు."

"అంటే ఏంటండీ?"

సిద్ధాంతిగారు కార్డు తిరగేసి చూశారు.

"నాకర్థమయ్యేలా చెప్పండి. ఎన్నాళ్ళుంది?"

"ఈవేళ అధిక జ్యేష్ఠ శుద్ధ చవితి. పదకొండు రోజులు."

"నలభై రోజులుందని మీరే కదా అన్నారు!"

"ఈ ఏడు రెండు జ్యేష్ఠాలు. రెండోదైన నిజ జ్యేష్ఠం అనుకున్నాను." ఆయనకి ఒక్కసారిగా ఒళ్ళు మండింది. "అనుకోవడమేంటి, ఎవడైనా అంతే అనుకుంటాడు. అధిక మాసంలో పెళ్ళి చేస్తామా, పేరంటం చేస్తామా? అది లెక్కలోకి వచ్చే నెలేనా? జ్యేష్ఠం అంటే నిజ జ్యేష్ఠమే. ఈ అచ్చుపత్రికలవాళ్ళకి శాస్త్రం తెలిసి ఏడిస్తేగా!"

వాకిట్లో ఆశీర్వాదం గొంతు సవరించుకున్నాడు. "తమరు ఏమీ అనుకోకపోతే ఒక మాటండి. ధవళేశ్వరంలో లాకులు మూసేశారండి. కాలవలో మోకాలి లోతు లేదు, పడవ కదలదండి. ఉత్తరమైతే నేనో ఇంకొకరో నడిచి పట్టుకెళ్ళిపోతాం కానీ, పుస్తకమంత కట్టయితే బండి మీద వెళ్ళి, రేవు దాటి, మళ్ళీ బండెక్కాలండి. నాలుగు రోజులు పడుతుందండి."

"సరే, నువ్వెళ్ళు," అన్నారు సిద్ధాంతిగారు.

అతను వెళ్ళాడు. పదకొండులోంచి నాలుగు తీసేస్తే ఏడు. ఆ తీసివేత ముగ్గురూ ఎవరి మనసులో వాళ్ళు చేసుకున్నారు. మూడో మనిషి తలుపు వెనకాల ఉంది.

ఆవిడ వరహాలక్ష్మి, ఆ ఇంటి కోడలు. పంతొమ్మిదేళ్ళది. తెల్లచీర ముసుగు నుదుటి దాకా లాక్కుని తలుపు రెక్కని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. పెళ్ళయి ఆరేళ్ళయినా మామగారి ఎదట పడి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఇంటి పద్ధతి అది. ఏం కావాలన్నా అత్తగారితో చెబితే, అత్తగారు ఆయనతో చెబుతుంది.

"ఏడు రోజులైతే ఏడు రోజులే," అంది నాగేశ్వరమ్మ. "వాడు రాసేస్తాడు."

"ఎవడు రాసేస్తాడే?"

"నా కొడుకు."

సిద్ధాంతిగారు గంటం అరుగు మీద విసిరికొట్టారు. "నాగూ! నా చేతులతో నిప్పు పెట్టానే వాడికి. ఇంకా రాస్తున్నాడు, రాస్తున్నాడు అంటావేంటే? వినేవాళ్ళు నవ్వుతారు!"

"నవ్వనీండి. తెల్లారగట్ల వాడి గదిలో కలం గీస్తున్న చప్పుడు నేను వినడం లేదూ? గుమ్మంలో పాలు పెడితే గ్లాసు ఖాళీ అవడం లేదూ? నెల్లాళ్ళ నించీ ఒక్క రోజు తప్పలేదు. మొన్న కోడలు మూడు రోజులు దూరంగా కూర్చుందా, ఇంట్లో ఆడదిక్కు నేనొక్కదాన్నేనా? అప్పుడూ రాశాడు. ఆ మూడు రోజులూ మరీ గట్టిగా రాశాడు."

అరిచి ఆవిడ నోరు మూయిస్తారనుకుంది వరహాలక్ష్మి. ఆయన అరవలేదు. విసిరేసిన గంటం వంగి తీసుకుని, పంచె చెంగుతో దాని మొన తుడుస్తూ కూర్చున్నారు.

"ఏమంటే అన్నానంటారు కానీ," అంది నాగేశ్వరమ్మ నెమ్మదిగా, "మీ లెక్క తప్పడం ఇది మొదటిసారా?"

"నాగూ."

"ఫాల్గుణ బహుళ దశమి, గురువారం, ప్రయాణానికి దివ్యంగా ఉందన్నారు. కాయితాలు కొనుక్కురావాలి నాన్నగారూ, నవమినాడే వెళ్తాను అన్నాడు వాడు. వద్దు, దశమినాడే వెళ్ళమని రేవుకి పంపించింది మీరు. నవమి పడవ నిక్షేపంగా అవతలి ఒడ్డుకి చేరింది."

దశమినాటి పడవ గౌతమి నడిమధ్య గాలికి తిరగబడిందని ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు. ఇప్పుడూ అనలేదు. అనకుండానే ముగ్గురికీ వినపడింది.

సిద్ధాంతిగారు లేచి ఉత్తరీయం భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయారు.

* * *

తెల్లారగట్ల వినపడే ఆ కలం చప్పుడు వరహాలక్ష్మిదే. పాపం, నాగేశ్వరమ్మకి ఆ సంగతి తెలియదు. వరహాలక్ష్మి అలాగే అనుకుంటోంది.

మొగుడు బతికున్న రోజుల్లో ఆయన చిత్తు రాసి ఇస్తే ఈమె శుద్ధప్రతి ఎత్తేది. అక్షరాలు దిద్దించింది ఆయనే. దిద్దించి దిద్దించి తన చేతిరాతనే ఆమె చేతికి ఎక్కించాడు. ఇద్దరి కాయితాలూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో ఆయనే పోల్చుకోలేకపోయేవాడు. "నేను పోయినా నా నవల ఆగదు వరహాలూ" అని వేళాకోళం ఆడేవాడు. ఆ వేళాకోళం గుర్తుకొచ్చినప్పుడల్లా ఆమెకి ఆయన మీద చెప్పలేనంత కోపం వస్తుంది.

నలభై ప్రకరణాల నవల. ఇరవై ఆయన రాశాడు. వైశాఖం మొదట్లో ఒకనాటి తెల్లవారుజామున నూతికి వెళ్ళబోతూ ఆ గదిలోకి తొంగిచూసి, ఇరవయ్యో ప్రకరణం చివర సగంలో ఆగిన వాక్యాన్ని చూసింది. ఉండబట్టలేకపోయింది. కూర్చుని ఆ వాక్యం పూర్తి చేసింది. ఒక వాక్యమే కదా అనుకుంది. మర్నాడు నాలుగు పుటలు రాసింది.

తలుపు తీసి బయటికొస్తే గుమ్మం పక్కన కంచు గ్లాసులో పాలు! వంటింట్లోంచి అత్తగారి గొంతు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు: "రాసుకో నాయనా, రాసుకో. నేను చూడన్లే. చూస్తే వెళ్ళిపోతావు."

ఆ మాట విన్నాక నిజం చెప్పడం వరహాలక్ష్మి వల్ల కాలేదు. కొడుకు పోయిన దగ్గర్నించి మంచం దిగని మనిషి, ఆ చప్పుడు విని లేచి పొయ్యి ముట్టించింది. నేనేనండీ అత్తయ్యగారూ అని చెబితే మళ్ళీ మంచం ఎక్కుతుంది. అందుకని పాలు తాగేసింది. ఒంటిపూట అన్నం తినే పిల్ల, ఆకలి మీద తాగేసింది. తాగాక ఆ పాలు ఎవరివో తలుచుకుని ఏడ్చింది. అయినా మర్నాడు మళ్ళీ తాగింది.

చనిపోయినవాడి నవల పూర్తిచేస్తే ఏమొస్తుంది అని ఎవరైనా అడగవచ్చు. ఆమెని అడిగితే చెప్పేది. ఊళ్ళో ఆయన పేరు ఇప్పుడు మాసికం పెట్టిన రోజున, పిండం ముందు తప్ప ఎవరూ పలకడం లేదు. అచ్చులో ఒక్కసారి ఆ పేరు చూడాలి. పుస్తకం మొదటి పుటలో, నల్లగా, పెద్ద అక్షరాలతో. ఆమెకి అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

అధిక జ్యేష్ఠ శుద్ధ చవితి మధ్యాహ్నం, అత్తగారు వంటింటి గడప మీద తల పెట్టి కునుకు తీస్తుండగా, వరహాలక్ష్మి మొదటిసారి పగటివేళ ఆ గది తలుపు తీసింది.

ఆయన రాతబల్ల దక్షిణపు గోడకి ఆనించి ఉంది. దాని ముందు పీట. ఆ పీట మీద ఆమె ఏనాడూ కూర్చోలేదు. ఎప్పుడూ కిటికీ కింద నేల మీద చాప వేసుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని రాస్తుంది. బల్ల మీద ఆయన కలం, ఎండిపోయిన సిరాబుడ్డి ఎలా వదిలివెళ్ళాడో అలాగే ఉన్నాయి. బల్లకి పైన గోడ మీద ఆయన మెతుకులతో అంటించుకున్న కాయితం ఉంది.

తెల్లవారుజామున నాలుగు పుటలు. మూడు దినములకొక ప్రకరణము. ఎంత ఉత్సాహముగా ఉన్నను నాలుగు దాటి వ్రాయరాదు, ఎంత విసుగుగా ఉన్నను నాలుగుకు తగ్గరాదు. ఆపదకని ముప్పది దినములు విడిగా ఉంచవలెను.

ఆపద వచ్చింది. ఆ ముప్పై రోజులూ ఆయన చావే తినేసింది. నెల్లాళ్ళు ఎవరూ ఆ గది తలుపే తీయలేదు. మిగిలిన రోజులకి నాలుగు పుటల చొప్పున సరిగ్గా సరిపోతుందని వేలు మడిచి చూసుకుని ధైర్యంగా ఉంది ఆమె. ఒక్క రోజు మిగులు కూడా వచ్చింది. అది మామగారు చెప్పిన నిజ జ్యేష్ఠం లెక్క మీద కట్టుకున్న ధైర్యం.

ఇప్పుడు? ఇరవై ఎనిమిది ప్రకరణాలు అయ్యాయి. పన్నెండు మిగిలాయి. ఏడు రోజులు. రోజుకి ఇరవై పుటల పైమాటే. తెల్లారగట్ల గంటసేపు దొంగతనంగా కూర్చుంటే అయ్యే పని కాదు. పొద్దుట్నించి పొద్దుగూకేదాకా రాయాలి. అలా రాస్తే రాసేదెవరో ఇంట్లో తెలిసిపోతుంది. తెలియకూడదంటే నవల ఆగిపోవాలి. అటు ఆయన పేరు, ఇటు ఆవిడ ప్రాణం. ఏది పోగొట్టుకోమంటావు అని గోడ మీద కాయితాన్ని అడిగింది. ఆ కాయితం నాలుగు దాటి వ్రాయరాదనే చెప్పింది.

ముందు తెల్లకాయితాలు ఎన్నున్నాయో చూద్దామని చెక్కపెట్టె తెరిచింది. ఆయన పోయాక తన పుట్టింటి అన్న తెచ్చిచ్చిన దస్తా అది. ఆమే కూర్చుని కొడవలితో నాలుగేసి ముక్కలుగా కోసి, ప్రతి కాయితం మూలనీ పసుపు బొట్టు పెట్టింది. లెక్కపెడుతూ పెడుతూ అడుక్కి వచ్చేసరికి చేతికి గరుకు తగిలింది.

అడుగున పన్నెండు కాయితాలు తెల్లవి కావు. రాసినవి.

పైన 'నలభయ్యవ ప్రకరణము' అని ఉంది.

వరహాలక్ష్మి ఆ కాయితాలు వెలుతురులోకి తెచ్చి చూసింది. ఆమె రాయలేదు. ఆయన రాసి ఉండడానికి వీల్లేదు. మూలన ఆమె పెట్టిన పసుపు బొట్టు ఉంది. పన్నెండు పుటలంటే మూడు రోజుల రాత. తను సావిడి పక్క వసారాలో దూరంగా కూర్చున్న మూడు రోజులు! అప్పుడూ రాశాడు, మరీ గట్టిగా రాశాడు అన్న అత్తగారి మాట చెవుల్లో మోగింది. ఆవిడకి భ్రమ అనుకుంది. గ్లాసు ఖాళీ అయిందంటే పిల్లి అనుకుంది.

పారిపోదామని లేచి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. కూలబడి చదవడం మొదలుపెట్టింది.

అక్షరాలు ఆయనవే. కానీ ఏదో తేడాగా ఉంది. మాటకీ మాటకీ మధ్య ఎడం లేదు. తాటాకు మీద రాసినట్టు వరసంతా ఒకటే గొలుసు. కాయితం తిరగేసి వేలితో తడిమింది. అక్షరాలు వెనకవైపుకి పొడుచుకొచ్చి ఉన్నాయి. పాళీతో రాసే చెయ్యి అంత నొక్కదు. జన్మంతా గంటం పట్టిన చెయ్యే అలా నొక్కుతుంది.

ఆమెకి తెలిసిపోయింది. తన మొగుడికి అక్షరాలు దిద్దించిన చెయ్యే అది. భయం తగ్గి, మళ్ళీ మొదటి వరస నించి చదివింది.

నవలలో కథానాయకుడు రేవుకి బయల్దేరే చోట వీరభద్రం సిద్ధాంతిగారు అందుకున్నారు. వచనం కూడా ఒక రాతేనా అని కొడుకుని జన్మంతా ఎద్దేవా చేసిన మనిషి పన్నెండు పుటల వచనం రాశారు. కథలో తండ్రి రేవు దాకా పరిగెత్తుకొస్తాడు. పడవ తాడు విప్పుతుండగా మోకాలి లోతు నీళ్ళలోకి దిగి కొడుకు చెయ్యి పట్టుకుంటాడు. 'ఈవేళవద్దునాయనా లెక్కతప్పాను ఇంటికిరా' అంటాడు. ఇద్దరూ ఇంటికొస్తారు. తల్లి కంచు గ్లాసుతో పాలిస్తుంది. పన్నెండో పుట చివర సిరా చెదిరి ఉంది.

"బాగోకపోతే చింపెయ్యమ్మాయీ."

వరహాలక్ష్మి ఉలిక్కిపడి ముసుగు లాక్కుంది. సిద్ధాంతిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆమెకేసి చూడడం లేదు. గోడ మీద కొడుకు అంటించుకున్న కాయితాన్ని చూస్తున్నారు.

"నువ్వు రాస్తున్నావని వారం రోజులకే తెలిసింది. నూతి గిలక చప్పుడు వినపడదు, గదిలో చప్పుడు వినపడుతుంది. లెక్కలు కట్టేవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? ఆ మూడు రోజులూ చప్పుడు ఆగిపోతే మీ అత్తగారు ఏమైపోతుందోనని భయమేసింది. వచ్చి కూర్చున్నాను. ఊరికే గీద్దామనే కూర్చున్నాను." ఆయన చూపు ఆ కాయితాల మీద పడింది. "కథలోనైనా ఆపుదామనిపించింది."

ఆరేళ్ళ పద్ధతి ఆ మాటతో తెగిపోయింది.

"చింపను మామయ్యగారూ," అంది వరహాలక్ష్మి. ఆ పిలుపు ఆమె నోటి వెంట రావడం అదే మొదలు. "ఆయన కూడా ఇలాగే రాద్దామనుకున్నారు. ఇంటికి తిరిగొస్తాడనే అన్నారు నాతో."

సిద్ధాంతిగారు గోడకి చెయ్యి ఆనించుకున్నారు. తర్వాత ఆయనలో లెక్కలమనిషి లేచాడు.

"ఏడు రోజులు. పదకొండు ప్రకరణాలు మిగిలాయి. నూట ముప్పై రెండు పుటలు. ఒక్క చేత్తో కాదు. నువ్వు ఇరవై తొమ్మిది నించి ముందుకి రా. నేను ముప్పై తొమ్మిది నించి వెనక్కి వస్తాను. కథ నాకు చెప్పు. ఎక్కడో ఒకచోట కలుస్తాం."

"అంత ఎడం లేకుండా రాస్తే వాళ్ళకి అర్థం కాదండి."

"ఎడం పెట్టమంటావా?"

"మాటకీ మాటకీ మధ్యన పెట్టాలండి."

"సరే, పెడతాను. ఇదొకటి నేర్చుకోవాలి కాబోలు ఈ వయసులో." విసుక్కుంటూనే పంచె సర్దుకుని తలుపు దగ్గర కూర్చున్నారు. బల్ల ముందు పీట వైపు ఆయన కూడా వెళ్ళలేదు.

"మరి అత్తయ్యగారికో?" అంది వరహాలక్ష్మి. "పగలంతా చప్పుడైతే ఆవిడ ఏమనుకుంటారు?"

"ఏడు రోజులు వాడే రాస్తున్నాడనుకోనీ. ఆ తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

ఎలా చూసుకుంటారో ఆయనకీ తెలియదు. ఆమె అడగనూ లేదు. తలుపు దగ్గరగా వేశాక, మొగుడు తనతో చెప్పిన కథంతా ఆమె మామగారికి చెప్పింది. ఇద్దరూ మొదలుపెట్టారు. ఆమె కలం మెత్తగా, గబగబా నడిచింది. ఆయన కలం కాయితాన్ని దున్నుకుంటూ నడిచింది. ఎండ కిటికీ చువ్వల్లోంచి చాప మీదికి వచ్చి, బల్ల దాకా పాకింది. ఆమెకి నాలుగు పుటలు దాటాయి. అయిదో పుట మొదలుపెడుతూ గోడవైపు ఒకసారి చూసి, మనసులో క్షమాపణ చెప్పుకుంది. ఆరు. ఏడు.

వసారాలో అడుగుల చప్పుడైంది. తలుపు అవతల గచ్చు మీద గ్లాసు పెట్టిన చప్పుడు. ఒకటి కాదు, రెండు.

ఇద్దరి కలాలూ ఆగాయి.

"వరహాలూ," అంది నాగేశ్వరమ్మ తలుపు అవతల్నించి.

వరహాలక్ష్మి తలుపు తియ్యడానికి లేవబోయింది.

"తలుపు తియ్యక్కర్లేదే, రాసుకో. నువ్వని నాకు మొదటిరోజే తెలుసు. నా కొడుకు ఊపిరి బిగబట్టి రాసేవాడు. నువ్వు నాలుగు వరసలకోసారి ముక్కు ఎగబీలుస్తావు."

"అత్తయ్యగారూ, నేను చెబుదామనే..."

"రాత్రి ముద్ద లేని పిల్లవి. విధవకి తెల్లారగట్ల పాలేంటే అంటారు ఈయన. కొడుకు పేరు చెబితే కానీ నీకు గ్లాసెడు పాలు పెట్టడానికి లేదు ఈ కొంపలో. అందుకని చెప్పాను. నాకు పిచ్చి అనుకున్నా ఫరవాలేదనుకున్నాను."

సిద్ధాంతిగారు తల వంచుకున్నారు.

"ఆ ముసలాయన కూడా అక్కడే ఉన్నారుగా? నలభై ఏళ్ళు విన్నాను ఆ గంటం. పాలు పడవు పడవు అంటూనే మూడు రోజులు తాగారు. తాగమను ఈవేళ కూడా."

లోపల ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వరహాలక్ష్మికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఏడు రోజులు, ముగ్గురు మనుషులు, ఇక దాచుకునేదేమీ లేదు. వంట అత్తగారు చూసుకుంటుంది. పుటలు మేం చూసుకుంటాం. అయిపోతుంది. తప్పకుండా అయిపోతుంది అనుకుంది.

"నేను వచ్చింది అందుకు కాదే," అంది నాగేశ్వరమ్మ. ఆవిడ గొంతు మారింది. "ఒక సంగతి అడుగుదామని వచ్చాను. నువ్వు రాయడం ఆపావా ఇప్పుడు?"

"ఆపానండి."

"ఆయనో?"

"నేనూ ఆపానే," అన్నారు సిద్ధాంతిగారు.

"ఇద్దరూ కలాలు కింద పెట్టారా?"

పెట్టారు. వరహాలక్ష్మి తన కలం పలక మీద పెట్టింది. సిద్ధాంతిగారు తన పక్కనున్న సిరాబుడ్డిలో పెట్టారు.

తలుపు అవతల నాగేశ్వరమ్మ ఊపిరి గట్టిగా తీసుకుంది.

"మరి ఆ చప్పుడేంటండీ?"

సిద్ధాంతిగారు బల్ల వైపు తల తిప్పారు. అప్పుడు వరహాలక్ష్మికి కూడా కలం గీస్తున్న చప్పుడు వినపడింది.